విప్లవాల చరిత్ర చదివేటప్పుడు ఏం చూడాలి

ఏ విప్లవం గురించి చదివినా, నాయకుల ఉపన్యాసాలు కాసేపు పక్కన పెట్టి ముందు ఖజానా సంగతి చూడండి. ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ, 1614 తర్వాత ఒక్కసారి కూడా కొలువుతీరని ప్రతినిధుల సభను 1789లో పిలిచాడంటే అది జనం మీద ప్రేమతో కాదు, అప్పులు తీర్చే దారి లేక, కొత్త పన్నులకు పెద్దలు ఒప్పుకోక.

తర్వాత తిండి ధర. 1788లో పంట దెబ్బతింది, మరుసటి ఏడాది అక్టోబరులో పారిస్ ఆడవాళ్లు రొట్టె కోసం వానలో, రాజు ఉండే వర్సాయి దాకా నడిచి వెళ్లి, రాజకుటుంబాన్నే పారిస్‌కు తీసుకొచ్చేశారు.

అన్నిటికంటే ముఖ్యం, నన్నడిగితే, సైనికులు ఎటున్నారన్నది. 1917లో రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లో జనం మీద కాల్పులు జరిపిన వొలిన్‌స్కీ రెజిమెంటే మర్నాడు పొద్దున్నే ఎదురు తిరిగింది. కొద్ది రోజుల్లోనే జార్ గద్దె దిగాడు.

రాజు పడిపోగానే చదవడం ఆపేయకండి, దయచేసి. ఇంకో పది, పదిహేనేళ్లు ముందుకెళ్లి ఏం మిగిలిందో చూడండి: ఫ్రాన్స్‌లో 1804లో నెపోలియన్ చక్రవర్తి అయ్యాడు, సింహాసనం మళ్లీ వచ్చింది, కానీ రైతుల మీద జమీందార్లకున్న పాత హక్కులు తిరిగి రాలేదు, 1790లో గీసిన జిల్లాల హద్దులైతే చాలావరకు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.