తక్కువ ఖర్చుతో నాలుగు లీటర్ల బీరు

ఇంట్లో బీరు చేద్దామనుకునేవాళ్లు చాలామంది ఇరవై లీటర్ల కిట్ ధర చూసి అక్కడితోనే ఆగిపోతారు. ఆ కిట్ జోలికి పోకండి. నాలుగు లీటర్లకు వంటింట్లో ఉన్న పెద్ద గిన్నె చాలు. రుచి కుదరకపోయినా పారబోసేది నాలుగు లీటర్లే, ప్రాణం ఉసూరుమనదు. ఒక్క మాట: ఇంట్లో బీరు చేసుకోవడం కొన్నిచోట్ల చట్టబద్ధం, కొన్నిచోట్ల నేరం. మీ దగ్గర సంగతేంటో ముందు కనుక్కోండి.

నేను పిసినారినే. అయినా నాలుగింటి దగ్గర మాత్రం బేరమాడను: థర్మామీటర్, హైడ్రోమీటర్ (ద్రవం నీళ్ల కంటే ఎంత చిక్కగా ఉందో చూపే గాజు గొట్టం), గ్రాముల్లో తూచే చిన్న కాటా, కడగక్కర్లేని రకం శానిటైజర్. మిగతాదంతా ఉన్నదాంతో సర్దుకోవచ్చు. పులియబెట్టడానికి ఐదారు లీటర్ల ఫుడ్‌గ్రేడ్ ప్లాస్టిక్ డబ్బా సరిపోతుంది. లోపల గీతలు పడ్డ పాతది మాత్రం వద్దు, ఆ గీతల్లో దాక్కున్న బ్యాక్టీరియా ఎంత తోమినా పోదు. ఎయిర్‌లాక్ (గ్యాస్‌ను ఒకవైపే వదిలే బిరడా) కూడా కొనక్కర్లేదు. మూతకు చిల్లు పెట్టి సన్నటి గొట్టాన్ని బిగుతుగా దూర్చి, రెండో కొసను గ్లాసుడు నీళ్లలో ముంచితే సరి. గ్యాస్ బయటికి పోతుంది, గాలి లోపలికి రాదు.

సరుకులు కూడా కొంచెమే: 500 గ్రాముల డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తియ్యటి పొడి), 12 గ్రాముల హాప్స్ (చేదు, వాసన ఇచ్చే ఎండు పూలు), 3 గ్రాముల ఏల్ ఈస్ట్ (బీరుకు వాడే ఒక రకం ఈస్ట్). మామూలు ఈస్ట్ ప్యాకెట్ 11 గ్రాములపైనే ఉంటుంది, అది ఇరవై లీటర్ల కోసం. మిగిలినదాన్ని మడిచి, గాలి పోకుండా టేప్ వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. రొట్టెల ఈస్ట్ చవకే, బీరు అవుతుంది కూడా. కానీ అడుక్కి సరిగా దిగదు, రుచి ఎటుపోతుందో చెప్పలేం. అంత పొదుపు అక్కర్లేదు.

నాలుగున్నర లీటర్ల నీళ్లు వేడి చేసి, స్టవ్ ఆపేసి మాల్ట్ పొడి కలపండి. మంట మీదే పోస్తే అడుగంటి మాడుతుంది. ఉండలన్నీ కరిగాక మళ్లీ మరిగించండి. ఇక్కడ గిన్నె వదిలి వెళ్లొద్దు. ముందు గోధుమరంగు నురగ అంచుల్లో చేరుతుంది, ఉన్నట్టుండి మధ్యలోంచి ఉబ్బి పైకి లేస్తుంది. మంట తగ్గించి, గరిటెతో తిప్పుతూ ఉంటే కాసేపటికి నురగ విరిగి కూర్చుంటుంది. అప్పుడు 8 గ్రాముల హాప్స్ వేయండి. ఆల్ఫా యాసిడ్ (హాప్స్‌లో చేదునిచ్చే పదార్థం) 5 శాతం ఉన్న రకమైతే చేదు మధ్యస్థంగా వస్తుంది. గంట మరగాలి. మిగిలిన 4 గ్రాములు ఆఖరి ఐదు నిమిషాల్లో వేయాలి, అవి వాసన కోసం.

స్టవ్ ఆపాక గిన్నెను సింకులో ఐసునీళ్ల మధ్య పెట్టి 20 డిగ్రీలకు దించండి. ఇక్కడి నుంచి బీరుకు తగిలే ప్రతి వస్తువూ శానిటైజర్‌లో మునగాల్సిందే, గరిటె, గరాటు, మూత, గొట్టంతో సహా. డబ్బాలో పోసి, నాలుగు లీటర్లకు తక్కువైతే కాచి చల్లార్చిన నీళ్లు కలిపి, మూత బిగించి బాగా కుదపండి. ఈస్ట్‌కు మొదట్లో ఆక్సిజన్ కావాలి. హైడ్రోమీటర్ 1.046 దగ్గర చూపించాలి. ఆ అంకె రాసి పెట్టుకొని ఈస్ట్ చల్లండి.

అసలు బీరు తయారయ్యేది ఇప్పుడే. 18 నుంచి 20 డిగ్రీలు దాటనివ్వకండి. పులిసేటప్పుడు తనంతట తనే వేడెక్కుతుంది కాబట్టి గది కంటే బీరు రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. డబ్బాను నీళ్ల టబ్బులో పెట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసాను పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మారుస్తూ ఉంటే చాలు. 25 దాటితే పెయింట్ థిన్నర్ లాంటి ఘాటు వచ్చే ప్రమాదం ఉంది, అది తర్వాత పోదు. గొట్టంలో బుడగలు ఆగిపోయాయని టెన్షన్ పడకండి, మూత తీసి తొంగిచూడకండి. రెండు వారాలయ్యాక కొలవండి, రెండు రోజులాగి మళ్లీ కొలవండి. రెండుసార్లూ ఒకే అంకె, 1.011 లాంటిది వస్తే అయిపోయినట్టే. మొదట రాసి పెట్టుకున్న అంకెకూ దీనికీ ఉన్న తేడాను 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం తెలుస్తుంది, ఇక్కడ నాలుగున్నర.

సీసాలకు వాడేసిన సోడా ప్లాస్టిక్ బాటిళ్లే నా ఓటు. అవి ఒత్తిడి తట్టుకోవడానికే చేసినవి, పైగా నొక్కి చూస్తే గ్యాస్ ఎంత పట్టిందో తెలుస్తుంది. మామూలు గాజు సీసాలు పేలతాయి, గాజుముక్కలు ఎగురుతాయి. గ్యాస్ పట్టడానికి లీటరుకు 6 గ్రాముల చక్కెరను కొద్ది నీళ్లలో మరిగించి చల్లార్చి, అడుగు మడ్డి కదలకుండా వేరే గిన్నెలోకి దించిన బీరులో మెల్లగా కలిపి నింపండి. ఈసారి మాత్రం గాలి కలవకూడదు, అట్టముక్క వాసన వస్తుంది. చీకట్లో, గది వేడిలో ఉంచండి. వెలుతురు తగిలితే హాప్స్ కంపు కొడతాయి. రెండు వారాలకు బాటిల్ రాయిలా గట్టిపడుతుంది, ఫ్రిజ్‌లోకి మార్చేయండి.

డబ్బా అడుగున మిగిలిన మడ్డిని పారబోయకండి, అందులో ఉన్నది ఎక్కువగా ఈస్టే. శానిటైజ్ చేసిన జార్‌లోకి తీసి, మూత కాస్త వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు వారాల్లోపు వాడితే రెండో విడతకు ఈస్ట్ కొనే పని ఉండదు. పుల్లటి వాసన వచ్చిందంటే మాత్రం పారేయండి.