ఒకోనీ బెల్స్: చెట్ల నీడలో నాటి నిలబెట్టుకోవడం

ఒకోనీ బెల్స్ అమెరికాలో ప్రధానంగా ఉత్తర, దక్షిణ కరొలైనా రాష్ట్రాల కొండ దిగువల్లో, వాగు గట్ల మీద పెరిగే అరుదైన మొక్క. శాస్త్రీయ నామం షార్టియా గాలసిఫోలియా. ఎత్తు ఆరేడు అంగుళాలకు మించదు. గుండ్రటి నిగనిగలాడే ఆకులు చలికాలంలోనూ రాలవు, ముదురు ఎరుపుకు తిరుగుతాయంతే. అది తెగులు కాదు, మందు కొట్టకండి. మార్చి రెండో సగంలో తెల్లటి పూలు తల వంచి పూస్తాయి. 1788లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఆంద్రె మిషో సేకరించాక మళ్లీ 1877 దాకా అడవిలో ఇది ఎవరి కంటా పడలేదు. 1970లలో దక్షిణ కరొలైనాలో కట్టిన జొకాసీ జలాశయం కింద దాని ఆవాసంలో పెద్ద భాగం మునిగిపోయింది. కాబట్టి అడవిలోంచి తవ్వి తేవద్దు. నర్సరీలోనే పెంచిన కుండీ మొక్కని అడిగి కొనండి. తవ్వి తెచ్చినవి చాలావరకు వేళ్లు తెగి చస్తాయి.

షార్లెట్, అట్లాంటా వైపు ఉన్న తెలుగువాళ్లు నిశ్చింతగా ప్రయత్నించవచ్చు. డాలస్ సున్నపు నల్లరేగడిలో నేలలో నాటితే దండగే. హైదరాబాద్‌లో అసలు ఆశ పెట్టుకోకండి, దీనికి గట్టి చలికాలం కావాలి.

ముందు మట్టి పరీక్ష చేయించండి. పీహెచ్ (మట్టి ఆమ్లత్వపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. ఆమ్లపు నేలను ఇష్టపడే రోడోడెండ్రాన్ పూలపొదలు బాగా పెరిగే చోటు దీనికీ నప్పుతుంది. ఉత్తరానికి వాలిన నేల, మధ్యాహ్నపు ఎండ పడని నీడ చూసుకోండి. మేపుల్ చెట్టు మొదట్లో మాత్రం వద్దు, పైపైన పాకే దాని వేళ్లు తడంతా లాగేస్తాయి. ఎనిమిది అంగుళాల లోతు గుల్ల చేసి, రెండు పాళ్ల మట్టికి ఒక పాలు సన్నటి పైన్ బెరడు, ఒక పాలు చివికిన ఆకులు కలపండి. మన అలవాటు కొద్దీ పొయ్యి బూడిద మాత్రం చల్లొద్దు. అది పీహెచ్ పెంచుతుంది, ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. సున్నం ఎక్కువున్న కుళాయి నీళ్లు వాడినా ఇదే జరుగుతుంది, వాననీళ్లు పట్టి పోయండి.

వసంతం మొదట్లో గానీ, ఆకురాలు కాలంలో గానీ నాటండి. నాటేముందు కుండీని నీళ్ల బకెట్‌లో అరగంట ముంచాలి. కుండీలో నింపే పీట్ మాస్ (చివికిన నాచు) ఎండి ఉంటే, నేలలోకి వెళ్లాక నీరు పీల్చుకోదు, చుట్టూ తడిగా ఉన్నా మొక్క వాడిపోతుంది. మొదలు నేలమట్టానికే ఉండాలి. వేళ్లు వెంట్రుకల్లా సన్నగా, పైపైనే ఉంటాయి గనుక లోతుగా పాతితే కుళ్లుతుంది. మొక్కకీ మొక్కకీ పది అంగుళాలు వదలండి. మొదటి రెండు వేసవులూ నేల ఎండకూడదు, అలాగని నీరు నిలవకూడదు. రసాయన ఎరువు అక్కర్లేదు.

ఓక్ ఆకులు రాలి మందంగా పేరుకుంటే దీనికి ఊపిరాడదు. చేత్తో తీసేయండి. పలుచగా పైన్ సూదులు పరిస్తే చాలు.

పూత అయిపోయాక, సొంత వేళ్లు పెట్టిన పిలకల్ని మాత్రమే పదునైన కత్తితో వేరు చేసి, చిన్న కుండీలో నాటి ప్లాస్టిక్ మూత కింద ఉంచండి. విత్తనమైతే వేసవిలో కాయ పగలగానే చల్లాలి. దాచితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. తడి నాచు మీద చల్లి వదిలేయండి, పైన మట్టి కప్పొద్దు. మొలకలు గుండుసూది తలంత ఉంటాయి. పూతకు వచ్చేసరికి కొన్నేళ్లు పడుతుంది.