ఒకే పేరున్న ఫేమస్ మనుషుల్ని కలిపేయకుండా ఎలా చెక్ చేసుకోవాలి

పేరు గూగుల్‌లో కొట్టి, పైన వచ్చిన ఫొటో, పుట్టిన తేదీ ఎత్తి పోస్టులో పెట్టేస్తుంటారు చూడండి, తప్పులన్నీ అక్కడే మొదలవుతాయి. ముందు సంవత్సరాలు చూడండి, సగం గొడవ అక్కడే తేలిపోద్ది. హాలీవుడ్ హీరో స్టీవ్ మెక్వీన్ 1980లోనే చనిపోయాడు, 2014లో ఉత్తమ చిత్రం ఆస్కార్ అందుకున్న స్టీవ్ మెక్వీన్ 1969లో పుట్టిన బ్రిటిష్ డైరెక్టర్. ఫ్రాన్సిస్ బేకన్ అయితే ఇంకా ఈజీ, తత్వవేత్త పోయింది 1626లో, పెయింటర్ పుట్టింది 1909లో.

తర్వాత పేరు మధ్యలో ఉండే అక్షరం. చాలామంది దాన్ని అనవసరం అనుకుని లేపేస్తారు కానీ అదే అసలు ఆధారం. బాస్కెట్‌బాల్ మైకేల్ జోర్డాన్ ఉన్నాడు, మెషీన్ లెర్నింగ్ ప్రొఫెసర్ మైకేల్ ఐ. జోర్డాన్ ఉన్నాడు, యాక్టర్ మైకేల్ బి. జోర్డాన్ ఉన్నాడు, ఆ ఐ, బి తీసేస్తే ముగ్గురూ ఒక్కడే అయిపోతారు. బుష్‌లకీ అంతే, జార్జ్ హెచ్. డబ్ల్యూ. అంటే 41వ ప్రెసిడెంట్, ఉత్త డబ్ల్యూ. అంటే ఆయన కొడుకు, 43వ ప్రెసిడెంట్.

వృత్తి చూసి తేల్చేద్దాం అనుకుంటారేమో, అది అన్నిసార్లూ పనిచేయదు. విన్‌స్టన్ చర్చిల్ సంగతి చూడండి. బ్రిటన్ ప్రధాని 1874లో పుడితే, అదే పేరుతో అమెరికాలో ఒక నవలా రచయిత 1871లో పుట్టాడు, అంటే మూడేళ్ళే తేడా, కాబట్టి సంవత్సరాలు కూడా పెద్దగా సాయం చేయవు. బ్రిటన్ ఆయన కూడా ఒక నవల రాశాడు, అమెరికా ఆయన కూడా రాజకీయాల్లోకి దిగి న్యూ హాంప్‌షైర్ శాసనసభలో కూర్చున్నాడు, పైగా ఇద్దరూ బొమ్మలు వేసేవాళ్ళే! అప్పట్లో పుస్తకాల విషయంలో అమెరికా ఆయనకే ఎక్కువ పేరు, అందుకే 1899లో బ్రిటన్ ఆయనే ఉత్తరం రాసి, ఇకనుంచి నా పుస్తకాల మీద విన్‌స్టన్ స్పెన్సర్ చర్చిల్ అని వేసుకుంటానని ఒప్పుకున్నాడు. కాబట్టి ఇలాంటి కేసులో ఇద్దరికీ కామన్‌గా ఉండని ఒక్క విషయం పట్టుకోవాలి: సాహిత్యం నోబెల్ (1953) అంటే బ్రిటన్ ఆయన, నేవల్ అకాడమీ చదువు అంటే అమెరికా ఆయన.

ఇంకో తిరకాసు ఏంటంటే ఒకే మనిషి పేరు కాలాన్ని బట్టి మారొచ్చు. 1996 ఒలింపిక్స్‌లో బ్రెజిల్ ఫుట్‌బాల్ టీమ్‌లో రొనాల్డో అనే పేరుతో ఇంకో సీనియర్ ఉండటంతో, మనకి తెలిసిన స్ట్రైకర్ రొనాల్డో జెర్సీ మీద రొనాల్డినో అని వేశారు. ఆ ఫొటో చూసి తర్వాత వచ్చిన రొనాల్డినో అనే ఇంకో ఆటగాడు అనుకుంటే అంతే సంగతులు. పాత ఫొటో, పాత పేపర్ కటింగ్ ఏదైనా సరే అది ఏ ఏడాదిదో చూశాకే పేరు నమ్మండి.

వెతికేటప్పుడు పేరు ఒక్కటే కొట్టకుండా పక్కన వృత్తో ఊరో కలపండి, అక్కర్లేనివాణ్ణి మైనస్ గుర్తుతో తీసేయండి, జోర్డాన్ -బాస్కెట్‌బాల్ అన్నట్టు. వికీపీడియాలో అయోమయ నివృత్తి పేజీ ఉంటే ముందు అది తెరవండి, ఆ పేరున్నవాళ్ళంతా వరసగా కనిపిస్తారు. రీసెర్చర్లయితే చాలామందికి ఆర్కిడ్ (ORCID) అని 16 అంకెల నంబర్ ఉంటుంది, దాన్ని చూస్తే పేరుతో పనే లేదు. సెర్చ్‌లో పక్కన బాక్స్‌లో వచ్చే ఫొటోని మాత్రం నమ్మొద్దు, అది ఒకరి వివరాలకి ఇంకొకరి మొహం అతికించిన సందర్భాలు ఉన్నాయి.

మీరే రాస్తున్నప్పుడు మొదటిసారి పేరు వచ్చిన చోటే పక్కన సంవత్సరాలు వేసేయండి. అలెగ్జాండర్ డ్యూమాలు తండ్రీకొడుకులు, ఇద్దరూ నవలలూ నాటకాలూ రాసినవాళ్ళే, 1802–1870 అని ఉంటే తండ్రి, 1824–1895 అని ఉంటే కొడుకు.