చదివింది పరీక్షల తారుమారు అయితుందా? ముందు ఇది చూస్కోండ్రి

నల్లగొండల స్టడీ హాల్‌ల గ్రూప్స్‌కు చదివే తమ్ముళ్లు నెలకు పదిమంది అడుగుతరు, "అన్నా, ఎంత చదివినా యాదికుంటలేదు" అని. బాదం పలుకులు నానబెట్టుడు తర్వాత సంగతి, ముందు పుస్తకం మూసి తెల్ల కాయితం మీద రాయుండ్రి. ఈ ఒక్క పని ఎవ్వరూ చెయ్యరు, మల్లమల్ల చదువుడే.

సమస్య: కాయితం మీద ఏం రాలే
కారణం ఒక్కపూటల పదిసార్లు తిప్పుడు. జర్మనీల ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థం లేని అక్షరాలు తనే బట్టీపట్టి లెక్కలు రాసుకొని 1885ల పుస్తకం వేసిండు. ఒక్కరోజే 68 సార్లు చదివితే వచ్చిన ఫలితం, మూడు రోజులకు పంచి 38 సార్లు చదివితేనే వచ్చిందట. ఇయ్యాల, ఎల్లుండి, వారానికి ఒకసారి చూడండ్రి, అయిపాయె.

సమస్య: వస్తది గానీ పక్కదొస్తది
నన్ను ముంచింది ఇదే. నా నోట్స్‌ల ఒకే పేజీ మీద ఒకే నీలం పెన్నుతోని జూరాల, కోయిల్‌సాగర్, డిండి, మూసీ సాగునీటి ప్రాజెక్టులు వరుసగ రాసుకున్న, ఇంట్ల అడిగితే గడగడ చెప్పేటోన్ని. మాక్ టెస్ట్‌ల కోయిల్‌సాగర్ ఏ వాగు మీద అంటే పెద్దవాగు వదిలి డిండి మీద టిక్ పెట్టిన, అదీ మా పాలమూరు ప్రాజెక్టే, సిగ్గుపోయింది. ఇంటికొచ్చి అదే పేజీ ఇంకో ఇరవైసార్లు చదివిన, ఇంకా గందరగోళం అయింది. ఎందుకంటే నాకు యాదికున్నది వరుస, ప్రాజెక్టు కాదు. ఒక్కతీరున్నవి ఒక్కపూటల పక్కపక్కన ఎక్కిస్తే ఒకదాన్ని ఒకటి తొక్కుతయ్.

ఇదేనా కాదా అంటే, పేజీ కింది నుంచి పైకి అడిగించుకోండ్రి. మీ తప్పు జవాబు పేజీల పక్క లైన్‌దే అయితే ఇదే రోగం.

మరి ఏం చెయ్యాలె? మొదటి దినం కోయిల్‌సాగర్ ఒక్కటే, దేవరకద్ర మ్యాప్ చూసి పెద్దవాగు గీసి పక్కన పెట్టుండ్రి, తర్వాత సంబంధం లేనిది ఏదన్న, ఎకానమీనో ఇంకేదో. డిండి రెండు రోజుల తర్వాత. రెండూ దేనికది నిలబడినంక పక్కపక్కన పెట్టి తేడా రాయాలె, ఇది మాత్రం వదలొద్దు, ఎందుకంటే పరీక్షల ఆ నాలుగూ నాలుగు ఆప్షన్లై ఒక్కదగ్గర్నే కూసుంటయ్. రాజ్యాంగంల 14, 15, 16 ఆర్టికల్స్ కూడా గంతే, చట్టం ముందు సమానత్వం, వివక్ష నిషేధం, సర్కారు కొలువుల్ల సమాన అవకాశం, మూడూ సమానత్వమే కాబట్టి ఒక్కరాత్రి మింగితే 15కు 16 చెప్తరు.

ఇంకేమన్నయా?
నిద్ర లేకుంటే పోయి పండుకోండ్రి. థైరాయిడ్, బి12 గిట్ల డౌటుంటే డాక్టర్‌ను అడగండ్రి, నేనైతే అట్లాంటోళ్లను ఇద్దరినే చూసిన. ఇప్పుడు నా నోట్స్‌ల పేజీకి ఒక్క ప్రాజెక్టే, సగం పేజీ ఖాళీగనే ఉంటది, కాయితాలు దండుగ చేస్తున్ననని రూమ్మేట్ రోజూ తిడుతడు.