తెర మీద ఒకలా, ఆల్బమ్‌లో ఒకలా: ఫొటో ఎడిటింగ్ మానిటర్ల సమస్యలు, పరిష్కారాలు

హనుమకొండ, కాజీపేట వైపు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే కుర్రాళ్లు తరచుగా అడిగేది ఒకటే: "తక్కువలో మంచి మానిటర్ ఏదన్నా?" దానికి జవాబు చెప్పే ముందు, ఉన్న మానిటర్‌తో వచ్చిన ఇబ్బంది ఏంటో తెలియాలి. కొన్ని ఇబ్బందులు సెట్టింగ్ మారిస్తే పోతాయి, పైసా ఖర్చు ఉండదు. కొన్ని ప్యానెల్‌లోనే, అంటే బొమ్మ కనిపించే తెర పలకలోనే ఉంటాయి, ఎంత తిప్పలు పడ్డా పోవు. ఏది ఏదో తేల్చుకోకుండా కొంటే కొత్త మానిటర్‌లో కూడా పాత గొడవే. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఈ పరీక్షలన్నీ అప్పుడు పెట్టుకోవడం తెలివైన పని. మాఘమాసం సీజన్ నడుమ రంగులు మార్చుకుంటూ కూర్చుంటే పెండింగ్ ఆల్బమ్‌లన్నీ గందరగోళమవుతాయి.

"ల్యాబ్ నుంచి ఆల్బమ్ నల్లగా వచ్చింది"

అన్నిటికంటే ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఇది. తెర మీద పెళ్లికూతురు ముఖం వెలిగిపోతుంటుంది. 12x36 షీట్ చేతికొచ్చేసరికి ముఖం చామనఛాయకు దిగిపోతుంది, నల్ల కోటు వేసుకున్న పెళ్లికొడుకు వెనక కర్టెన్‌లో కలిసిపోతాడు. తిట్లు ప్రింటు వేసిన ల్యాబ్‌కు పడతాయి.

చాలాసార్లు తప్పు ల్యాబ్‌ది కాదు, మానిటర్ బ్రైట్‌నెస్‌ది. మామూలు మానిటర్లు డబ్బాలోంచి తీసినప్పుడు 250 నుంచి 300 నిట్స్ (తెర వెలుగును కొలిచే లెక్క) దాకా వెలుగుతాయి. ప్రింటు కోసం చేసే పనికి 80 నుంచి 120 నిట్స్ చాలు. తెర అంతకు రెండింతలు వెలుగుతుంటే మామూలు ఫొటో కూడా తెల్లగా కనిపిస్తుంది, మనం ఎక్స్‌పోజర్ కిందికి లాగుతాం. కాగితానికి సొంత వెలుగు ఉండదు కాబట్టి మనం లాగింది లాగినట్టే నల్లగా పడుతుంది.

సరిచేయడం సులువు. ల్యాబ్ నుంచి వచ్చిన పాత ప్రింటు ఒకటి తీసుకుని, అదే ఫైల్‌ను తెర మీద తెరవండి. ప్రింటును మంచి తెల్ల లైటు కింద మానిటర్ పక్కన పట్టుకుని, కాగితం తెలుపు, తెర తెలుపు దగ్గర దగ్గరగా అనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించుకుంటూ రండి. ఎంత అంకె దగ్గర ఆగుతుందన్నది మానిటర్‌ను బట్టి మారుతుంది, పక్క స్టూడియోవాళ్ల అంకె మీకు పనికిరాదు. మొదట్లో తెర చచ్చిపోయినట్టు అనిపిస్తుంది. కన్ను అలవాటు పడేదాకా హిస్టోగ్రామ్‌ను, అంటే ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫ్‌ను నమ్మండి, దానికి బ్రైట్‌నెస్‌తో సంబంధం లేదు.

మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో, ఆటో బ్రైట్‌నెస్ లాంటివి ఉంటే ఆపేయండి. ఫొటోను బట్టి తెర వెలుగు దానంతటదే మారుతుంటే మీరు దేన్ని చూసి ఎడిట్ చేస్తున్నట్టు? గది వెలుతురు కూడా చూసుకోవాలి. పగలు షట్టర్ ఎత్తి ఎండలో, రాత్రి ఒక్క ట్యూబ్‌లైటు కింద చేస్తే ఒకే ఆల్బమ్‌లో షీట్ షీట్‌కూ తేడా వస్తుంది. కిటికీకి కర్టెన్ వేసి, ఎప్పుడూ ఒకే లైటు కింద పని చేయండి.

"మధుపర్కాలు నీలంగా కనిపిస్తే వెచ్చగా చేశా, ప్రింటు పసుపొచ్చింది"

మధుపర్కాలు తెల్ల బట్టలు కాబట్టి మానిటర్ అబద్ధం అక్కడే ముందు బయటపడుతుంది. చాలా మానిటర్లు కూల్ మోడ్‌లోనో, 6500 కెల్విన్ (పగటి వెలుతురు లాంటి తెలుపు) కంటే నీలంగా ఉండే వేరే మోడ్‌లోనో వస్తాయి. తెలుపు నీలంగా కనిపిస్తే మనం టెంపరేచర్ స్లైడర్‌ను పసుపు వైపు జరుపుతాం. ఫైల్ నిజంగానే పసుపైపోతుంది. పెళ్లికూతురి ముఖానికి నలుగు పెట్టి కడగడం మర్చిపోయినట్టు ఉంటుంది ప్రింటు.

దీనికి తలకిందులు కూడా ఉంది. కంటికి మంచిదని విండోస్‌లో నైట్ లైటో, మానిటర్‌లో లో బ్లూ లైట్ మోడో పెట్టుకుని మర్చిపోతారు. తెర పసుపుగా ఉంటే ఎడిటర్ చల్లబరుస్తాడు, ప్రింటులో ముఖాలు పాలిపోతాయి.

మానిటర్ మెనూలో ఎస్‌ఆర్‌జీబీ (ఫోన్లు, వెబ్, చాలా ల్యాబ్‌లు వాడే మామూలు రంగుల పరిధి) మోడ్ ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే కస్టమ్ మోడ్‌లో కలర్ టెంపరేచర్ 6500, గామా (నలుపు, తెలుపుల నడుమ టోన్ల వెలుగు) 2.2 పెట్టండి. కొన్ని మోడళ్లలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెడితే బ్రైట్‌నెస్ తాళం పడిపోతుంది, అలాంటప్పుడు కూడా కస్టమ్ మోడే దిక్కు. గేమ్, సినిమా, వివిడ్ మోడ్‌ల జోలికి పోవద్దు. ఎడిటింగ్ వేళల్లో నైట్ లైట్ ఆపేయండి.

ఫంక్షన్ హాల్లో ఊదా రంగు ఎల్‌ఈడీల కింద తీసిన ఫొటోలో స్కిన్ టోన్ పాడైతే అది మానిటర్ ఖాతాలో వేయొద్దు. అది షూటింగ్ రోజునే పాడైంది.

"ఫొటోషాప్‌లో బాగుంది, విండోస్ ఫొటో వ్యూయర్‌లో తెరిస్తే తెలుపంతా పసుపు"

తప్పుడు కలర్ ప్రొఫైల్ (మానిటర్ రంగులను ఎలా చూపిస్తుందో కంప్యూటర్‌కు చెప్పే ఫైల్) వల్ల వచ్చే తలనొప్పి ఇది. కంట్రోల్ ప్యానెల్‌లో కలర్ మేనేజ్‌మెంట్ తెరిచి, మీ మానిటర్‌ను ఎంచుకుని, పాత ప్రొఫైల్ తీసేసి ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ జోడించి డీఫాల్ట్ చేయండి. ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవండి.

"రామప్ప శిల్పాలు నల్లముద్దల్లా ఉన్నాయి" లేదా "నలుపు బూడిద కొట్టుకుపోయింది"

రామప్ప గుడి బయట ఎర్ర ఇసుకరాయి గోడ, దాని ముందు నిగనిగలాడే నల్లరాతి మదనికలు. రెండూ పడిన ఒక రా ఫైల్ (కెమెరా పట్టిన అసలు డేటా ఉండే ఫైల్) దాచి పెట్టుకోండి, మానిటర్ షాడోలను ఎలా చూపిస్తుందో పరీక్షించడానికి అంతకంటే మంచి ఫొటో దొరకదు. మదనిక ఆభరణాల గీతలు నలుపులో కలిసిపోతున్నాయా, లేక నల్లరాయే బూడిద రంగులో ఉందా చూడండి.

రెండింటికీ కారణం చాలాసార్లు హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా వెళ్లే సిగ్నల్ రేంజ్. కంప్యూటర్ ఫుల్ రేంజ్‌లో 0 నుంచి 255 దాకా పంపాలి. గ్రాఫిక్స్ కార్డు మానిటర్‌ను టీవీ అనుకుంటే 16 నుంచి 235 దాకానే పంపుతుంది. అప్పుడు నలుపు బూడిదవుతుంది, తెలుపు మాసిపోతుంది. కంప్యూటర్ ఫుల్ పంపితే మానిటర్ లిమిటెడ్ అనుకున్నప్పుడు దీనికి తలకిందులుగా జరుగుతుంది, 16 కంటే కింది నలుపులన్నీ ఒకే ముద్దగా కనిపిస్తాయి.

ఎన్‌వీడియా కార్డైతే కంట్రోల్ ప్యానెల్‌లో చేంజ్ రిజల్యూషన్ కింద అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్‌ను ఫుల్ చేయండి. ఏఎండీలో అయితే పిక్సెల్ ఫార్మాట్‌ను ఫుల్ ఆర్‌జీబీ చేయండి. మానిటర్ మెనూలో బ్లాక్ లెవెల్ లేదా ఆర్‌జీబీ రేంజ్ ఉంటే అది కూడా దానికి సరిపోవాలి. ఈ గొడవంతా లేకుండా డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడితే మరీ మంచిది.

తక్కువ ధర మానిటర్ల మీద హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపించే పద్ధతి) అని స్టిక్కర్ ఉంటుంది. అది చూసి విండోస్‌లో హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే మామూలు ఫొటోలన్నీ వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. ఆపేయండి. ఆ స్టిక్కర్ కోసం అదనంగా డబ్బు కూడా పెట్టకండి.

"తల కొంచెం జరిపితే రంగు మారుతోంది"

సెట్టింగ్‌తో పోని ఇబ్బంది ఇక్కడ మొదలవుతుంది. పాత, చౌక మానిటర్లలో టీఎన్ అనే రకం ప్యానెల్ ఉంటుంది. కుర్చీలో వెనక్కి వాలితే ఫొటో ఒకలా, ముందుకు వంగితే ఒకలా కనిపిస్తుంది. వంపు తిరిగిన చౌక మానిటర్లలో ఎక్కువగా వీఏ అనే మరో రకం ప్యానెల్ ఉంటుంది. దాని నలుపు బాగుంటుంది, కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల వెలుగు తేడా) 3000:1 దాకా వస్తుంది, సినిమాలకు భేష్. పక్క నుంచి చూస్తే మాత్రం షాడోలు తేలిపోతాయి. కస్టమర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని షీట్ చూపిస్తుంటే మీకు కనిపించే ఫొటో వేరు, వాళ్లకు కనిపించేది వేరు.

తక్కువ బడ్జెట్‌లో దీనికి మందు, ఏ పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ రకం ప్యానెల్ ఒక్కటే. దాని కాంట్రాస్ట్ సాధారణంగా 1000:1 దగ్గరే ఉంటుంది, చీకటి గదిలో మూలల్లో కాస్త మెరుపు కనిపిస్తుంది, అయినా స్కిన్ టోన్ నిలకడగా ఉంటుంది. పది వేల లోపు కూడా 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్లు దొరుకుతున్నాయి కాబట్టి ఎడిటింగ్‌కు వేరే ప్యానెల్ కొనడానికి నాకైతే కారణం కనపడదు.

"బతుకమ్మ ఫొటోలో పూరేకులు ముద్దలా ఉన్నాయి"

తంగేడు పసుపు, బంతి నారింజ, సీతజడ ముదురు ఎరుపు, వాటి మధ్య రంగులద్దిన గునుగు. వీటికి రాణీ రంగు పట్టుచీర తోడైతే మానిటర్‌కు ఇక పరీక్షే. పూల వరసల్లో రేకు రేకు విడిగా కనిపించకుండా ఒకే రంగు పూసినట్టుంటే తప్పు ఫైల్‌లో ఉందో తెరలో ఉందో ముందు తేల్చాలి.

హిస్టోగ్రామ్‌లో రెడ్ చానెల్ (ఎరుపు గ్రాఫ్) చూడండి. అది కుడి గోడకు గుద్దుకుని ఉంటే తప్పు ఫైల్‌లోనే ఉంది. రా ఫైల్‌కు వెళ్లి ఎక్స్‌పోజర్, ఆ రంగుల శాచురేషన్ తగ్గించాలి. రా ఫైల్ తెరిచే ప్రోగ్రామ్‌లో వర్కింగ్ స్పేస్‌ను (రంగుల పరిధిని) కాసేపు ఎస్‌ఆర్‌జీబీ కంటే ఎక్కువ రంగులు పట్టే అడోబీ ఆర్‌జీబీకి మార్చి చూడండి. అప్పుడు హిస్టోగ్రామ్ గోడ వదిలితే, రంగు కెమెరాలో చిక్కింది కానీ ఎస్‌ఆర్‌జీబీలో ఇమడలేదని అర్థం.

చానెల్ బాగానే ఉండి తెర మీద ముద్దగా ఉంటే మానిటర్ ఆ రంగులను చూపించలేకపోతోంది. చౌక ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. స్పెసిఫికేషన్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల పరిధికి పాత కొలమానం) అని ఉంటే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా రావు. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే దాదాపు ఎస్‌ఆర్‌జీబీ అంత. ఈ ఒక్క లెక్క గుర్తుంటే షాపువాళ్ల మాటలు సగం వినక్కర్లేదు. ల్యాప్‌టాప్ మార్చాల్సిన పని లేదు, 99 లేదా 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న ఐపీఎస్ మానిటర్ పక్కన తగిలిస్తే చాలు.

"నా తెర మీద రంగులు అదిరిపోతున్నాయి, కస్టమర్ ఫోన్‌లో చప్పగా ఉన్నాయి"

ఇది ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లకు వచ్చే జబ్బు. వైడ్ గామట్ (ఎస్‌ఆర్‌జీబీ కంటే ఎక్కువ రంగులు చూపించే) మానిటర్ కొని ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టకపోతే, కలర్ మేనేజ్‌మెంట్ లేని ప్రోగ్రామ్‌లలో కుంకుమ మండిపోతుంది. మీరు ఆ మంట చూసి రంగు తగ్గిస్తారు, ఫోన్‌లో చప్పబడుతుంది. మోడ్ మార్చండి. రెండో కారణం ఎగుమతి చేసేటప్పుడు ఫైల్ అడోబీ ఆర్‌జీబీలో ఉండిపోవడం. ల్యాబ్ ప్రత్యేకంగా అడగనంత వరకు ఎస్‌ఆర్‌జీబీలోనే, ప్రొఫైల్ జోడించి పంపండి.

"ఆకాశంలో చారలు"

ఫొటోను 100 శాతం జూమ్‌లో చూడండి, ఒక్కోసారి జూమ్ వల్లే చారలు కనిపిస్తాయి. సైజు బాగా కుదించిన జేపీజీ అయినా ఇంతే. నలుపు నుంచి తెలుపుకు గ్రేడియంట్ గీసి చూస్తే కూడా మెట్లు మెట్లుగా ఉంటే ప్యానెల్ 6 బిట్‌ది అయ్యుండొచ్చు, బిట్‌లు తగ్గితే చూపించగల ఛాయలు తగ్గుతాయి. కొనేటప్పుడు 8 బిట్ అడగండి. 10 బిట్ ఉంటే మంచిదే, దానికోసం బడ్జెట్ దాటొద్దు.

"27 అంగుళాలది కొన్నా, ఫొటోలన్నీ మొరటుగా ఉన్నాయి"

27 అంగుళాల మీద ఫుల్ హెచ్‌డీ అంటే అంగుళానికి 82 పిక్సెళ్లే. ఫోకస్ బాగున్న ఫొటో కూడా గరుకుగా కనిపిస్తుంది, మీరు షార్ప్‌నెస్‌తో కుస్తీ పడతారు. ఫుల్ హెచ్‌డీ అయితే 24 అంగుళాల దగ్గర ఆగండి, 92 వస్తుంది. 27 కావాలంటే 2560x1440 తీసుకోండి, 109 వస్తుంది. మానిటర్ మెనూలో షార్ప్‌నెస్ కూడా పెంచి ఉందేమో చూడండి, అది పెరిగితే అంచుల చుట్టూ తెల్లగీత కనిపిస్తుంది.

పది వేల పై మెట్టులో నేను చెప్పే పేర్లు రెండు: ఆసుస్ ప్రోఆర్ట్ పీఏ248క్యూవీ, దాని అన్న పీఏ278క్యూవీ. రెండూ ఐపీఎస్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ. మొదటిది 24.1 అంగుళాలు, 1920x1200. రెండోది 27 అంగుళాలు, 2560x1440. ఫ్యాక్టరీలోనే రంగులు సరిచేసి పంపుతారు, డెల్టా ఈ (అసలు రంగుకు, తెర రంగుకు తేడా, ఎంత తక్కువైతే అంత మంచిది) 2 లోపు అని చెబుతారు. రెండింటి స్టాండూ ఎత్తు మారుతుంది.

"అన్నీ చేశా, ఇంకా ల్యాబ్‌తో కలవట్లేదు"

కంటితో చేయగలిగింది ఇక్కడికి అయిపోయింది. కలర్ కాలిబ్రేటర్ కావాలి. తెర మీద పెట్టి కొలిచే చిన్న పరికరం ఇది, డేటాకలర్ స్పైడర్, కాలిబ్రైట్ లాంటివి. మానిటర్ ధరలో సగానికి పైగా అవుతుందని వెనకాడతారు. నెలకోసారి వాడే వస్తువు కాబట్టి నలుగురు స్టూడియోవాళ్లు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది, డిస్‌ప్లేకాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలా పరికరాలతో పనిచేస్తుంది. కొలిచే ముందు మానిటర్ అరగంట వెలిగి ఉండాలి. తెలుపు 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు 100 నుంచి 120 నిట్స్ పెట్టండి. వేరేవాళ్ల ప్రొఫైల్ ఫైల్ తెచ్చుకుని వాడొద్దు, ఒకే మోడల్ అయినా రెండు మానిటర్లు ఒకలా ఉండవు.

కాలిబ్రేటర్ టీఎన్‌ను ఐపీఎస్ చేయదు, లేని రంగులు తెప్పించదు. ముందు ప్యానెల్, తర్వాత కాలిబ్రేటర్, ఆ పైన డబ్బు మిగిలితే 4కే. ఆ తర్వాత ల్యాబ్‌ను వాళ్ల పేపర్ ప్రొఫైల్ అడిగి తెచ్చుకుని, ఫొటోషాప్‌లో వ్యూ మెనూ కింద ప్రూఫ్ సెటప్‌లో పెట్టి, ప్రింటు ఎలా రావచ్చో చూడండి. ఇచ్చే ల్యాబ్‌లు కొన్నే, ఇవ్వకపోతే ఒక టెస్ట్ షీట్ వేయించుకోండి.

"ఒక మూల చీకటిగా ఉంది"

బ్యాక్‌లైట్ అంతటా సమానంగా లేకపోతే ఇలా ఉంటుంది, మన చేతిలో బాగుపడదు. అందుకే కొత్త మానిటర్ వచ్చిన రోజే చూసుకోవాలి. షాపులో అన్నీ ఫుల్ బ్రైట్‌నెస్‌లో, వివిడ్ మోడ్‌లో వెలుగుతుంటాయి కాబట్టి అక్కడ ఏమీ తెలియదు. ఇంట్లో తెరంతా బూడిద రంగు నింపి మూలలు చూడండి, నలుపు నింపి లైటార్పి అంచుల నుంచి వెలుగు కారుతోందేమో చూడండి, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు నింపి చచ్చిన పిక్సెల్ (రంగు మారని చుక్క) కోసం వెతకండి. ఒకటి రెండు చచ్చిన పిక్సెళ్లకు చాలా కంపెనీల వారంటీ వర్తించదు. ఏదైనా తేడా కనిపిస్తే ఫొటో తీసి, రిటర్న్ గడువులోనే వెనక్కి పంపండి. అప్పటిదాకా డబ్బా, థర్మాకోల్ పారేయకండి.