సముద్రపు గాలిమరల గురించి ఊరి గ్రంథాలయంలో పాఠం చెప్పే పద్ధతి

అనంతపురం జిల్లాకు సముద్రం లేదు గనుక, పాఠాన్ని ఉరవకొండ పరిసరాల్లో అందరూ చూసే గాలిమరలతోనే మొదలుపెట్టండి. గాలి వేగం రెండింతలైతే అందులోని శక్తి ఎనిమిదింతలవుతుందన్న సంగతిని నల్లబల్లపై లెక్క వేసి చూపితే, కొండలూ చెట్లూ అడ్డులేని కడలిపై, ఖర్చు ఎక్కువైనా, మరలను ఎందుకు నిలుపుతారో విడిగా వివరించనక్కరలేదు.

తరువాత పునాది. వెడల్పాటి గంగాళంలో ఇసుక పోసి, నీళ్లు నింపి, ఒక గొట్టాన్ని ఇసుకలోకి దిగగొట్టండి. దాదాపు 60 మీటర్ల లోతు వరకు సముద్రపు అడుగునే పునాది వేస్తారు. అంతకు మించిన లోతు కోసం, లోపల గులకరాళ్లు వేసి మూత బిగించిన సీసాను నిటారుగా తేల్చి, దారంతో అడుగున ఉన్న రాయికి కట్టి చూపండి. స్కాట్లండ్ తీరాన 2017లో మొదలైన హైవిండ్ కేంద్రంలోని 5 మరలు ఈ తీరులోనే తేలుతాయి. పిల్లలు సీసాను తోయకుండా ఉండరు. తోయనివ్వండి, అది మళ్లీ నిటారుగా లేవడమే అసలు పాఠం.

చరిత్రకు రెండు మాటలు చాలు: 1991లో డెన్మార్క్‌లోని విండెబీలో 11 మరలతో ఇది మొదలైంది, మన దేశం 2015లో విధానం ప్రకటించి, గుజరాత్, తమిళనాడు తీరాలను ముందుగా ఎంచుకుంది. మన సభలో మత్స్యకారులు ఉండరు కాబట్టి, వేటకు ఎదురుకాగల ఇబ్బందులను వారి తరఫున మీరే ప్రస్తావించాలి.