టీఎల్‌డీ రిపోర్టులో అందరికీ సున్నా వచ్చిందా? సంతోషపడే ముందు స్టాండు చూడండి

నెల్లూరయినా ఒంగోలయినా, రేడియో ఐసోటోపులు వాడే ల్యాబులో మూడు నెలలకోసారి టీఎల్‌డీ రిపోర్టు వస్తుంది. టీఎల్‌డీ అంటే సిబ్బంది ఛాతీ మీద పెట్టుకునే, రేడియేషన్ డోసును కొలిచే బ్యాడ్జి; ఎవరికెంత తగిలిందో ఆ రిపోర్టు చెబుతుంది. అంకె పెద్దదైతే హడావుడి, సున్నా అయితే ఫైల్లోకి. రెండింటికీ ముందు అడగాల్సింది ఒకటే: డ్యూటీ అయ్యాక బ్యాడ్జి ఎక్కడుంటోంది? ఎన్నిసార్లు చెప్పినా ఇది అడగరు.

ఒక్కరికే ఎక్కువ వచ్చింది

ఏప్రాన్‌తో పాటు బ్యాడ్జినీ హాట్ ల్యాబు (ఐసోటోపులు సిద్ధంచేసే గది) కొక్కేనికి తగిలించి ఇంటికి వెళ్లుంటారు. గంటకు 5 మైక్రోసీవర్టులున్న (డోసు కొలత ఇది, వెయ్యి కలిస్తే ఒక మిల్లీసీవర్టు) చోట రోజుకు 16 గంటల చొప్పున 60 రోజులు వేలాడితే 4.8 మిల్లీసీవర్టులు. మనిషికి తగలని డోసు అది. లెడ్ ఏప్రాన్ పైన పెట్టుకున్నా ఎక్కువే చూపిస్తుంది. లోపల, ఛాతీ మీద ఉండాలి.

ఆ రెండూ కాకపోతే క్యాసెట్ (బ్యాడ్జి డబ్బా) మీద ఐసోటోపు ద్రవం చుక్క పడి ఉంటుంది. అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులే, రిపోర్టు చేతికొచ్చేసరికి ఆనవాలు మిగలదు. అందుకే వారానికోసారి బ్యాడ్జిల మీద కంటామినేషన్ మానిటర్ తిప్పండి.

అందరికీ సున్నా వచ్చింది

పని మామూలుగానే జరిగింది, కిందటిసారి అంతో ఇంతో వచ్చింది, ఈసారి అందరికీ సున్నా. అప్పుడు అనుమానించాల్సింది కంట్రోల్ బ్యాడ్జిని, అంటే ఎవరూ పెట్టుకోకుండా, సహజంగా ఉండే రేడియేషన్‌ను కొలవడానికి స్టాండులోనే ఉంచే బ్యాడ్జిని. దాని రీడింగును ప్రతి ఒక్కరి రీడింగులోంచి తీసేస్తారు కాబట్టి, దానికి తగిలిన డోసు అందరి లెక్కలోంచీ మాయమవుతుంది.

డ్యూటీ అయ్యాక అందరి బ్యాడ్జిలూ తగిలించే ఆ స్టాండు ఉన్నది పలచటి పార్టిషన్ పక్కన, అవతల ఐసోటోపు ఇంజెక్షన్ అయిన పేషెంట్లు కూర్చునే బెంచీ అనుకోండి. పగలు అక్కడ గంటకు 1 మైక్రోసీవర్టు అదనంగా ఉంటే, 8 గంటలు, 60 పనిదినాలకు కంట్రోల్‌కు 0.48 మిల్లీసీవర్టులు ఎక్కుతాయి. ఆ వేళకు సిబ్బంది బ్యాడ్జిలు వాళ్ల ఛాతీల మీద వేరే గదుల్లో ఉంటాయి. నిజంగా 0.40 తగిలిన టెక్నీషియన్‌కు తీసివేతలో మైనస్ 0.08 వస్తుంది, రిపోర్టులో సున్నా పడుతుంది.

సర్వే మీటరుతో చూశాం, ఏమీ లేదంటారు. చూసింది పొద్దున ఎనిమిదింటికి, బెంచీ ఖాళీగా ఉన్నప్పుడు. మధ్యాహ్నం బెంచీ నిండాక, టెక్నీషియం జనరేటర్ (స్కాన్లకు వాడే ఐసోటోపునిచ్చే పరికరం) కొత్తది దిగిన రోజున మళ్లీ చూడండి. మీటరును స్టాండు దగ్గరే రెండు మూడు నిమిషాలు ఉంచి, తర్వాత దూరంగా ఉన్న ఆఫీసు గదిలో చూసి పోల్చండి. రెండు చోట్లా ఒకేలా, గంటకు దాదాపు 0.1 మైక్రోసీవర్టు దగ్గర ఉండాలి.

తేడా ఉంటే స్టాండు మొత్తాన్ని ఆ ఆఫీసు గదిలోకి మార్చండి. కంట్రోల్‌ను ఒక్కదాన్నే మార్చారో, మిగతా బ్యాడ్జిలకు స్టాండు దగ్గర తగిలే అదనపు డోసు తీసివేతకు అందక మనుషుల ఖాతాలో పడుతుంది. కొలిచిన అంకెలతో ఆర్‌ఎస్‌ఓ (రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు) గారు బ్యాడ్జిల రీడింగు తీసే డోసు ల్యాబుకు రాయాలి. అన్నట్టు, కొత్తగా చేరినవాళ్లకు "ప్రస్తుతానికి ఇది పెట్టుకో" అని కంట్రోల్ బ్యాడ్జి ఇచ్చేవాళ్లున్నారు. ఫలితం అదే, కారణం ఇంకా సిగ్గుచేటు.

మిగతావి

సిరంజి పట్టే వేళ్లకు ఎంత తగిలిందో ఛాతీ బ్యాడ్జి చెప్పదు, ఉంగరం డోసిమీటర్ కావాలి. ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) బీటా ఈ బ్యాడ్జికి అసలు కనబడదు, మూత్ర పరీక్షే. నెల్లూరు ఎండకు రీడింగు చెరిగిపోదు, రీడింగు తీసేది బ్యాడ్జిలోని డిస్కును వేడిచేసి, వచ్చే వెలుగును కొలిచి; ఆ వెలుగు రావడానికి ప్రధానంగా 200 డిగ్రీలు దాటిన వేడి కావాలి. చీమకుర్తి నల్లరాయి బల్లనూ తిట్టకండి, గ్యాబ్రో జాతి రాయిలో యురేనియం, థోరియం చాలా తక్కువ.